దుప్పటి ఇచ్చే చేయి, ఫోటో తీసే చేయి



ధ్యాన భాగము: మత్తయి 6:1-4

క్రిస్మస్ దగ్గర పడుతోంది. డిసెంబరు మొదటి వారం నుండి మనందరి ఫోన్లు ఒకే రకం ఫోటోలతో నిండిపోతాయి. వెనుక ఒక ఫ్లెక్సీ ఉంటుంది. దాని మీద సేవకుల ముఖాలు, దాతల ముఖాలు పెద్దగా ఉంటాయి. ముందు ఒక విధవరాలు నిలబడి ఉంటుంది. దుప్పటి ఒక కొస ఆమె చేతిలో ఉంటే, రెండో కొస ఆరుగురు పట్టుకొని ఉంటారు. ఆ ఆరుగురిలో ఒక్కరూ ఆమెను చూడరు, అందరూ కెమెరానే చూస్తుంటారు. ఆమె మాత్రం నేల చూస్తుంటుంది. పక్క నుండి ఎవరో "అవ్వా, జర తల పైకెత్తు, ఇటు సూడు" అంటారు. ఆమె తల ఎత్తుతుంది. ఎత్తకపోతే దుప్పటి వదలరని ఆమెకు తెలుసు.

ఈ పద్ధతి తప్పని మేము సూటిగా చెప్తున్నాం. ఇది మర్యాదకు సంబంధించిన చిన్న లోపం కాదు, దేవుని యెదుట పాపము. ఎందుకో వాక్యము నుండి, మన ప్రాంత చరిత్ర నుండి చూపిస్తాం. ఇప్పుడే ఎందుకు రాస్తున్నామంటే, "అందరి సంఘాలూ ఫేస్‌బుక్‌లో పెడుతున్నాయి, మన సంఘం ఏమీ చేయనట్టు కనబడుతోంది" అని మన యౌవనస్థులలో కొందరు బాధపడ్డారు. అంతేకాదు, మనకు దుప్పట్లు పంపే దాతలలో ఒకరు ఈసారి పుచ్చుకునే ప్రతి ఒక్కరి ఫోటో పేరుతో సహా కావాలన్నారు. సంఘ పెద్దలందరం కూర్చొని ప్రార్థించి, కుదరదని వినయంగా జవాబిచ్చాం. దానివల్ల ఈ సంవత్సరం దుప్పట్లు తగ్గుతాయి. తగ్గుతాయని తెలిసే ఆ జవాబిచ్చాం. కాబట్టి కారణం మీకు చెప్పవలసిన బాధ్యత మా మీద ఉంది.

మొదట ప్రభువు మాట. ధర్మము చేసేటప్పుడు ముందర బూర ఊదించుకునే వారిని ఆయన వేషధారులు అన్నాడు. గ్రీకు భాషలో ఆ పదానికి నాటకంలో పాత్ర కట్టేవాడని అర్థం. వారు తమ ఫలమును పొందియున్నారు అనే చోట వాడిన మాట ఆ కాలపు వ్యాపారుల రసీదుల్లో కనబడే మాట. అంటే సొమ్ము పూర్తిగా ముట్టింది, ఇక రావలసినది ఏమీ లేదు అని. ఫోటో కింద రెండు వందల లైకులు వచ్చాయంటే రసీదు చేతికొచ్చినట్టే. పరలోకమందు ఇక లెక్క మిగలదు.

అయితే మన కాలపు బూర ఆ కాలపు బూర కంటే క్రూరమైనది. ఆ పరిసయ్యుడు వేషం తానే వేసుకున్నాడు. ఇక్కడ వేషం పేదవాడి చేత వేయిస్తున్నారు. "నవ్వకు, నవ్వితే కష్టంలో ఉన్నట్టు కనబడదు" అని చిన్నపిల్లలకు చెప్పేవారున్నారు. మంచి అంగీ వేసుకొని వస్తే, పాతది వేసుకొని రమ్మని ఇంటికి పంపేవారున్నారు. ఆ పిల్లవాడు మందిరానికి వస్తున్నానని ఉన్నదాంట్లో ఉతికిన అంగీ వేసుకొచ్చాడు, అది వాడి గౌరవం. దాన్ని విప్పించి బీదరికాన్ని తొడుగుతున్నాం. మన పల్లెల్లో పగటి వేషగాళ్లు వచ్చేవారు. వారు కడుపు కోసం తమకు తాము వేషం కట్టేవారు, సాయంత్రానికి రంగు కడుక్కునేవారు. ఈ పిల్లవాడి వేషం ఫోన్లలో పడిన తరువాత ఎవరు కడుగుతారు?

పాలమూరు పిల్లల సంగతి వేరే చెప్పాలి. నారాయణపేట, కోస్గి, మద్దూరు వైపు నుండి తల్లిదండ్రులు బొంబాయికి, పూణేకు కూలికి పోతారు. పిల్లలు ముసలివాళ్ల దగ్గరో, హాస్టల్లోనో ఉంటారు. తల్లి అక్కడ ఎండలో ఇటుకలు మోసి పైసలు పంపుతోంది. ఇక్కడ ఆమె బిడ్డ ఫోటో కింద 'అనాథ' అని ఎవరైనా రాస్తే అది ఏమిటి? పది ఆజ్ఞలలో దానికి పేరుంది, అబద్ధ సాక్ష్యము. బతికున్న తల్లిని కాగితం మీద చంపడం అది. మంచి పనికి వాడినంత మాత్రాన అబద్ధం పరిశుద్ధపడదు. రేపు ఆ బిడ్డ పెద్దదై, పెండ్లి సంబంధం మాట్లాడుకునేటప్పుడు ఆ ఫోటో ఎవరి ఫోన్‌లో నుండి బయటకొస్తుందో ఎవరికి తెలుసు?

ఈ రోగం మన దగ్గర మాత్రమే లేదు. జింబాబ్వే దేశపు రచయిత్రి నోవయొలెట్ బులవాయో 2013లో 'వి నీడ్ న్యూ నేమ్స్' అనే నవల రాశారు. గుడిసెల బస్తీలో బతికే పిల్లలే దానిలో మనతో మాట్లాడతారు. సహాయ సంస్థ లారీ వస్తుంది, పిల్లలు పాడుతూ వరుసలో నిలబడతారు. వస్తువుల కంటే ముందు కెమెరా పని మొదలవుతుంది. చిరిగిన బట్టలు, మురికి ఫోటోలో పడుతున్నందుకు ఆ పిల్లలు సిగ్గుపడతారు. తీసేవాడికి ఆ సిగ్గు పట్టదు. మేము చదివినప్పుడు ఆఫ్రికా అనిపించలేదు, మన మండలం అనిపించింది. రచయిత్రి ఆ కథను ఇచ్చేవారి చేత చెప్పించలేదు, వరుసలో నిలబడ్డ పిల్ల చేత చెప్పించారు. మన రిపోర్టులన్నీ ఇచ్చేవారు రాసినవే. వరుసలో నిలబడ్డ అవ్వ రాసిన రిపోర్టు ఒక్కటైనా ఉందా?

1993లో సూడానులో కెవిన్ కార్టర్ అనే ఫోటోగ్రాఫర్ తీసిన చిత్రం మీలో చాలామంది చూసే ఉంటారు. ఆకలితో నేలకు ఒరిగిన చిన్నబిడ్డ, వెనుక కాచుకొని ఉన్న రాబందు. మరుసటి ఏడు దానికి పులిట్జర్ బహుమతి వచ్చింది. లోకమంతా ఏళ్ల తరబడి ఆ బిడ్డను ఆడపిల్ల అనుకుంది. 2011లో ఒక స్పెయిన్ పత్రిక వారు వెళ్లి వెతికితే, అది మగపిల్లవాడని కుటుంబం చెప్పింది. కోట్లమంది చూసిన బిడ్డ, ఆడో మగో కూడా ఎవరూ అడగలేదు. ఇప్పుడు లూకా 16వ అధ్యాయం తెరవండి. ఊదారంగు బట్టల ధనవంతునికి ప్రభువు పేరు పెట్టలేదు. వాకిట పడి ఉన్న దరిద్రునికి పేరు పెట్టాడు, లాజరు అని. మన ఫ్లెక్సీల మీద ధనవంతుల పేర్లుంటాయి, లాజరుకు పేరుండదు. మన అచ్చు ప్రభువు అచ్చుకు తలకిందులుగా ఉంది.

మన తెలుగు నేల మీద కూడా ఈ చరిత్ర పాతదే. 1876-78లో ధాత కరువు వచ్చింది. బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలు అల్లాడిపోయాయి. ఆ కాలంలో హూపర్ అనే ఆంగ్లేయ సైనికాధికారి ఎముకల గూళ్లయిన మనుషులను గుంపులుగా కూర్చోబెట్టి ఫోటోలు తీశాడు. ఫోటో తీసుకొని, అన్నం పెట్టకుండా పంపేశాడని అతని మీద నింద వచ్చింది. ఆ చిత్రాలు నేటికీ ఉన్నాయి. వాటిలో ఒక్కరి పేరూ లేదు.

అదే కరువులో ఒంగోలులో జాన్ క్లౌ అనే బాప్తిస్టు మిషనరీ వేరే దారి పట్టాడు. బకింగ్‌హాం కాలువలో కొన్ని మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకొని, ఆకలిగొన్న వారికి కూలి ఇచ్చాడు. చేయి చాచమనలేదు, పార పట్టమన్నాడు. బాప్తిస్మం ఇవ్వమని వందలమంది అడిగినా కరువు సాయం నడిచినంత కాలం ఇవ్వలేదు. బియ్యం కోసం వచ్చారన్న మాట వారి విశ్వాసం మీద పడకూడదని ఆపాడు. సాయం ముగిసిన తరువాత, 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్యను తరువాతి వారు ఎంతో చాటుకున్నారు, అది వేరే మాట. మనం నేర్చుకోవలసినది ఆ ఆపిన నెలల నుండి. ఇచ్చే చేతికి పుచ్చుకునే వాని మీద అధికారం వస్తుందని ఆయనకు తెలుసు. ఆ అధికారాన్ని వాడుకోకుండా చేతులు కట్టుకున్నాడు. ఆత్మల లెక్క కోసమే వాడుకోనప్పుడు, ఫేస్‌బుక్ లెక్క కోసం మనం వాడుకోవచ్చునా?

ఇక మనకు ఎదురయ్యే ప్రశ్నలకు వద్దాం. అవి తేలికైనవి కావు.

ఒకటి, "దాతలకు లెక్క చెప్పవద్దా?" చెప్పాలి, పైసా పైసాకు చెప్పాలి. కొరింథీయుల రెండవ పత్రిక 8వ అధ్యాయంలో పౌలు కానుక తీసుకుపోయేటప్పుడు తనతో నమ్మకమైన సహోదరులను పెట్టుకున్నాడు, ఎవరూ తప్పు పట్టకుండా. లెక్క అంటే అది. కొన్న బిల్లు, స్టాకు పుస్తకం, పుచ్చుకున్న వారి సంతకం లేదా వేలిముద్ర, ముగ్గురు పెద్దల సంతకం, కావాలంటే దాత స్వయంగా వచ్చి మందిరంలో కూర్చొని మనతో భోంచేసి వెళ్లడం. పైగా ఫోటో లెక్క కానే కాదు. ఒకే దుప్పటిని పదిమంది చేతుల్లో పెట్టి పది ఫోటోలు తీయవచ్చు. బిల్లుతో ఆ పని అంత తేలిక కాదు.

రెండు, "వాళ్లే ఒప్పుకుంటున్నారు కదా, నవ్వుతున్నారు కదా?" బియ్యం సంచి మన చేతిలో ఉండగా అడిగిన ప్రశ్నకు వచ్చే ఒప్పుకోలు ఒప్పుకోలు కాదు. ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయం చూడండి. అప్పిచ్చినవాడు తాకట్టు వస్తువు కోసం పేదవాని ఇంట్లోకి చొరబడకూడదు, బయటే నిలబడాలి, అతడే తెచ్చి ఇవ్వాలి అని దేవుడు ఆజ్ఞాపించాడు. అప్పిచ్చినవానికే గడప దాటే హక్కు లేదు. ఉచితంగా ఇచ్చామన్నవారు గుడిసెలోకి కెమెరాతో దూరి, ఖాళీ కుండ, చిల్లుల కప్పు, మంచాన పడ్డ మనిషి, అన్నీ తీసుకొని పోతున్నారు. గడప బయట నిలబడమన్న దేవుడు మారలేదు.

మూడు, "యేసు ప్రభువు కూడా అందరి ముందు స్వస్థపరిచాడు కదా, రక్తస్రావము గల స్త్రీని బయటకు పిలిచాడు కదా?" పిలిచాడు. ఎందుకు? పన్నెండేండ్లు అందరూ అపవిత్రురాలన్న ఆమెను అదే గుంపు ముందు కుమారీ అని పిలిచి, సమాధానంతో పంపడానికి. ఆమె సిగ్గును తీసివేయడానికి పిలిచాడు. చెవిటివానిని మాత్రం గుంపులో నుండి పక్కకు తీసుకుపోయాడు. బేత్సయిదా గ్రుడ్డివానిని చెయ్యి పట్టుకొని ఊరి బయటకు నడిపించాడు. ఎవరికి ఏది గౌరవమో ఆయన చూశాడు. ఎవరినీ తన సభకు ప్రచారంగా వాడుకోలేదు. పైగా ఎవరితోనూ చెప్పవద్దని చాలామందిని కోరాడు.

నాలుగు, "మీ వెలుగు ప్రకాశింపనియ్యుడని ఉంది కదా?" ఉంది. ఆ వాక్యం చివర మహిమ ఎవరికి పోవాలో కూడా ఉంది. ఫ్లెక్సీ మీద ఎవరి ముఖం ఉందో చూస్తే మహిమ ఎటు పోతోందో తెలుస్తుంది. అపొస్తలుల కార్యములు 9లో దొర్కా అనే తబితా విధవరాండ్రకు బట్టలు కుట్టి ఇచ్చింది. ఆ బట్టలు పేతురుకు ఎవరు చూపించారు? ఆమె కాదు. ఆమె చనిపోయిన తరువాత ఆ విధవరాండ్రే ఏడ్చుకుంటూ చూపించారు. సాక్ష్యం పుచ్చుకున్నవారి సొత్తు. వారికి చెప్పాలనిపిస్తే చెప్తారు, చెప్పకపోతే అడిగి లాక్కునే హక్కు మనకు లేదు.

ఐదవది అన్నిటికంటే గట్టిది. "ఫోటో లేకపోతే లోకం కదలదు. కష్టం కనబడాలి కదా?" నిజమే, దీన్ని తోసిపారేయలేం. 1904లో కాంగో దేశంలో ఆలిస్ సీలీ హారిస్ అనే మిషనరీ స్త్రీ ఒక ఫోటో తీశారు. న్సాలా అనే తండ్రి, రబ్బరు కంపెనీ మనుషులు చంపిన తన చిన్నకూతురి చేతిని, పాదాన్ని చూస్తూ కూర్చున్న ఫోటో. ఆమె, ఆమె భర్త అలాంటి చిత్రాలను ఇంగ్లాండులో సభ తరువాత సభలో చూపించారు. ఆ ఉద్యమం పెరిగి, 1908లో లియోపోల్డ్ రాజు కాంగోను వదులుకోవలసి వచ్చింది. ఆ ఫోటో పాపమా? కాదని మేము అంటాం. తేడా ఎక్కడుంది? ఆ తండ్రికి పేరుంది. ఆ ఫోటో వేలు దోషి వైపు చూపింది. ఫోటో తీసినావిడ మంచితనం అందులో ఎక్కడా లేదు.

మన నల్లగొండకు ఇది బాగా తెలిసిన సంగతి. మర్రిగూడ, మునుగోడు, నారాయణపురం ఊళ్లలో ఫ్లోరైడ్ నీళ్లు తాగి వంగిన నడుములను, వంకరపోయిన కాళ్లను తీసుకోవడానికి ఎన్ని కెమెరాలు వచ్చాయో లెక్కలేదు. వచ్చినవారు తీసుకొని పోయారు, నీళ్లు రాలేదు. నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే ఒక పద్ధతికి లోకమంతా 'నల్లగొండ టెక్నిక్' అని పేరు పెట్టుకుంది, నల్లగొండ మాత్రం ఆ నీళ్లే తాగుతూ వచ్చింది. అప్పుడు జలసాధన సమితి వారు ఏం చేశారు? 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి జనం గుంపులుగా నామినేషన్లు వేశారు. చివరికి 480 మంది అభ్యర్థులు నిలిచారు. బ్యాలెట్ కాగితం పుస్తకమంత అయింది, పోలింగ్ వాయిదా వేయవలసి వచ్చింది. దేశమంతా నల్లగొండ నీళ్ల గురించి అడిగింది. ఆలోచించండి సహోదరులారా. అక్కడ చూపించినది ఒళ్లు కాదు, పేరు. జాలి అడగలేదు, హక్కు అడిగారు. తరువాత ఆ సమితి వారే శివన్నగూడెం వాసి అంశల స్వామిని ఢిల్లీకి తీసుకుపోయి ప్రధాని వాజ్‌పేయి ముందర ఉంచినప్పుడు కూడా, ఆ ఫోటో వేలు ప్రభుత్వం వైపే చూపింది. స్వామి పేరు జిల్లా అంతా ఎరుగును. 2023 జనవరిలో అతడు కన్నుమూసే వరకు బాధితుల పక్షాన తన నోటితో తానే మాట్లాడాడు.

కాబట్టి మేము కెమెరాకు శత్రువులం కాము. ఏ ఫోటో ముందైనా మూడు ప్రశ్నలు పెట్టుకోండి. ఇందులో ఉన్న మనిషి తన నోటితో మాట్లాడుతున్నాడా, లేక మనం అతని బదులు మాట్లాడుతున్నామా? వేలు అన్యాయం వైపు చూపుతోందా, మన మంచితనం వైపు చూపుతోందా? వద్దంటే కూడా బియ్యం అందేదేనా? ఈ మూడింటికి నిలబడితే అది సాక్ష్యం. నిలబడకపోతే అది సరుకు, పేదవాని సిగ్గును తూకం వేసి అమ్మిన సరుకు.

2020 లాక్‌డౌన్‌లో రాజస్థాన్‌లోని అజ్మీర్ జిల్లా అధికారులు ఆహారం పంచేటప్పుడు ఫోటోలు, సెల్ఫీలు తీయకూడదని నిషేధించారు. లోకాధికారులకు తట్టిన సంగతి సంఘానికి తట్టకపోతే ఎంత సిగ్గుచేటు! కొరింథులో ప్రభువు బల్ల దగ్గరే లేనివారిని సిగ్గుపరుస్తున్నారని పౌలు మండిపడ్డాడు. బల్ల దగ్గర రొట్టె విరిచి, అదే మందిరం మెట్ల మీద మళ్లీ లేనివారిని సిగ్గుపరచడం మనకు తగునా?

బోయజును చూడండి. రూతు పొలానికి వచ్చినప్పుడు ఆమెను పిలిచి అందరి ముందు ఒక బస్తా ఇచ్చి ఉండవచ్చు. అలా చేయలేదు. పనల్లో నుండి కొన్ని కావాలనే జారవిడవమని, ఆమెను సిగ్గుపరచవద్దని, గద్దించవద్దని పనివారికి చెప్పాడు. రూతు సాయంత్రం తన కష్టంతో ఏరుకున్న గింజలు తీసుకొని ఇంటికి పోయింది. ఆమె వెనుక బోయజు దయ ఉంది, ఆమె ముందర ఆమె గౌరవం ఉంది. ఆ వంశంలోనే దావీదు పుట్టాడు, ఆ వంశంలోనే మనం ఈ నెల పండుగ చేసుకునే శిశువు పుట్టాడు.

షేము, యాపెతు కూడా మనకు పాఠమే. తండ్రి బట్టలేక పడి ఉంటే వస్త్రం భుజాల మీద వేసుకొని, ముఖం తిప్పుకొని, వెనుకకు నడిచి వెళ్లి కప్పారు. దుప్పటి కప్పే పద్ధతి బైబిలులో అదే. మనమేమో కప్పే వంకతో తెరిచి చూపిస్తున్నాం.

మన సంఘంలో ఈ క్రిస్మస్‌కు పెద్దలు నిర్ణయించినది ఇది. దుప్పట్లు మందిరం దగ్గర వరుసలో పంచము. స్త్రీల సమాజం వారు ఇద్దరిద్దరుగా చీకటి పడిన తరువాత ఇండ్లకు వెళ్లి ఇస్తారు, కూర్చొని ప్రార్థన చేసి వస్తారు. ఫోన్లు ఇంట్లో పెట్టి వెళ్తారు. ఫ్లెక్సీ ఉండదు, ఆ పైసలతో ఇంకొన్ని దుప్పట్లు వస్తాయి. లెక్క పుస్తకం జనవరి మొదటి ఆదివారం ఆరాధన తరువాత బల్ల మీద ఉంటుంది, ఎవరైనా తెరిచి చూడవచ్చు. పిల్లల ముఖాలు ఏ గ్రూపులోనూ సాయం అడగడానికి పెట్టకూడదు. తగ్గిన దుప్పట్ల కోసం మేము మిమ్మల్నే అడుగుతున్నాం. ఒక ఇంటికి ఒక దుప్పటి. పేరు రాయకుండా మందిరంలో పెట్టి వెళ్లండి.

మన నల్లగొండలో తొలినాళ్లలో సేవ చేసిన అబ్రహాము ఫ్రీసెన్ గారిని 1889లో రష్యా దేశపు మెన్నోనైట్ విశ్వాసులు పంపారు. వారిలో ఎక్కువమంది రైతులు. తమ పంటలో నుండి ఇచ్చారు. వారిలో చాలామంది మన ఊరి ముఖం ఎన్నడూ చూడలేదు, మనకు వారి పేర్లు తెలియవు. దేవునికి తెలుసు. మత్తయి 25లో నీతిమంతులు, మేము నిన్ను ఎప్పుడు చూచితిమి ప్రభువా అని ఆశ్చర్యపడతారు. వారి దగ్గర చూపించడానికి ఏ ఫోటో లేదు, గుర్తు కూడా లేదు. గుర్తుపెట్టుకున్నవాడు సింహాసనం మీద ఉన్నాడు. మనకు ఆయన చాలు.

పరలోకపు తండ్రీ, ఇచ్చునప్పుడు మా కన్నులను మా మీద నుండి తిప్పుము. పుచ్చుకొనువారి తల వంగకుండ కాపాడుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.